ఊపిరి బిగబట్టినంతసేపు

మీకు మీ ఇల్లాలు నమస్కారం పెట్టి రాస్తున్న సంగతులు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే వదినా నేనూ. మామయ్య ఇంకా పోలీస్ స్టేషనులోనే ఉన్నారు కాబట్టి ఆయన క్షేమం గురించి నేను చూసినంతవరకే రాయగలను. దవడ వాపు తగ్గింది. ముందు పన్ను ఊడిపోయింది. మెత్తగా చేసి పంపితే తింటున్నారు. ఓడలో మీరు కులాసాగా ఉన్నారనీ, ఇంజను గది వేడికి ఒళ్లు పేలడం తగ్గిందనీ తలుస్తాను.

మీ ఉత్తరం మొన్న అందింది. "గొడవ సంగతి అక్క రాస్తే తెలిసింది. నువ్వెందుకు రాయలేదు, చేతులు పడిపోయాయా?" అని అడిగారు. చేతులు బాగానే ఉన్నాయి. బాధంతా అదే. నా చదువెంతో మీకు తెలుసు కదా, ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి. మీరు అడిగినవన్నీ ఒక్కొక్కటే చెబుతాను.

చెరువు ఎవరు చూస్తున్నారని అడిగారు. ఎవరూ చూడటం లేదు. గేటుకు తాళం వేశాం. గొడవ జరిగిన మర్నాడు మీ స్నేహితుడితో పనిచేసే బస్సు షెడ్డువాళ్లు గుంపుగా వచ్చారు. వదిన నన్ను వంటింట్లోకి నెట్టి గడియ పెట్టింది. కిటికీ అద్దాలు ముందు పగిలాయి. తర్వాత తూకం బల్ల, ఆ పైన గాలాలు పెట్టుకునే గది తలుపు. చేపల్ని పడుకోబెట్టే తడిచాపను చీరేసి కిరసనాయిలు పోసి కాల్చారు. వలగూడులో ఉన్న చేపలన్నిటినీ గట్టు మీద కుమ్మరించి బూట్లతో తొక్కారు. వాటి చప్పుడు వంటింట్లోకి వినబడింది. తడిబట్ట నేలకేసి కొట్టినట్టు, ఒకటి ఆగేలోగా ఇంకొకటి. వదిన గుమ్మంలో నిలబడి, "ఒరేయ్, చేతనైతే మగాళ్ల మీదికి పోండిరా, చేపల మీద కాదు!" అని అరిచింది. ఎవడో విసిరిన ఇటుక ముక్క ఆమె మోకాలికి తగిలింది. ఇంకా కుంటుతోంది. పలకరించడానికి వచ్చినవాళ్లతో మాత్రం "డాన్సు నేర్చుకుంటున్నా" అంటోంది.

పెద్దత్త బతికిందా అని అడిగారు. లేదండీ. మీరు చిన్నప్పుడు పేరు పెట్టిన ఆ పెద్దచేప మూడోరోజున తూము దగ్గర తేలింది. దవడ కింద నుంచి మొప్పదాకా చీలిపోయి ఉంది. వదినా నేనూ గొయ్యి తీసి పూడ్చాం.

ఇంకొకటి అడిగారు. "చీమను తొక్కని మా నాన్న, ఒక చేప కోసం నా స్నేహితుణ్ణి అంతలా విరగ్గొట్టాడంటే నమ్మలేకపోతున్నాను. అసలేం జరిగింది?" అని. ఇది కొంచెం పెద్దగా రాయాలి.

మీరు వెళ్లాక మామయ్య నాకు తూకం పని నేర్పారు. గాలం వేసేవాళ్లు చేపను పట్టడం, మేం తూచి బరువు చెప్పడం, మళ్లీ చెరువులో వదిలేయడం. పట్టిన చేపను ఇంటికి తీసుకెళ్లనివ్వరు కదా, అందుకని ఆ బరువే వాళ్లకు మిగిలేది. మొదటిరోజు నేను పొడిచేత్తో చేపను ముట్టుకున్నాను. మామయ్య నా మణికట్టు పట్టుకుని ఆపారు. "చర్మం ఒలిచిన మనిషిని గోనెగుడ్డతో తుడిస్తే ఎలా ఉంటుందో, పొడిచెయ్యి దానికి అలా ఉంటుందమ్మాయ్" అన్నారు. ఆ జిగురు పొర ఊడిన చోట పుండు పడుతుందట. అప్పట్నుంచి ముందు చేతులు తడుపుకుంటాను, తర్వాత చాప తడుపుతాను. మెత్తని వలగుడ్డతో కుట్టిన తూకం సంచిని, అదే మనం ఉయ్యాల అంటామే, దాన్ని తడిపి ఖాళీగా కాటాకు తగిలించి ముల్లును సున్నాకు తెస్తాను. పొడిగా ఉన్నప్పుడు సున్నా పెడితే నీళ్ల బరువు కూడా చేపదే అయిపోతుంది. గాలం వేసేవాళ్లకు ఆ తప్పంటే మహా ఇష్టం. ఆ తర్వాత చేపను ఉయ్యాలలో పడుకోబెట్టి, ఇనుప గొట్టానికి కాటా వేలాడదీసి, ఒక కొస మామయ్య, ఒక కొస నేను ఎత్తుతాం.

"చేప నీళ్లు దాటిన క్షణంలోనే నువ్వూ ఊపిరి బిగబట్టు. నీకు ఆగలేదంటే దానికీ ఆగలేదని. తూకం అయినా కాకున్నా నీళ్లలో దించెయ్" అనేవారు మామయ్య. మిగతావన్నీ మరిచినా ఇది మాత్రం నేను ఎప్పుడూ తప్పలేదు.

మీ స్నేహితుణ్ణి నేను షెడ్డు అన్నయ్య అనేదాన్ని. మన మోటారు ఎన్నిసార్లు బాగుచేశారో మీకు తెలుసు. నేను దేనికైనా ఊఁ తప్ప మాట్లాడనని నాకు 'ఊఁ చెల్లెమ్మ' అని పేరు పెట్టారు. "ఊఁ చెల్లెమ్మా, మా బావ ఉత్తరం రాశాడా?" అంటే ఊఁ. "నా మీద బెంగపెట్టుకున్నాడా?" అంటే ఊఁ. "నిన్ను మరిచిపోయాడా?" అన్నా ఊఁ అనేదాన్నట. పగలబడి నవ్వేవారు.

ఆ రోజు ఆయన షెడ్డులో పందెం వేసి వచ్చారు. పెద్దత్తను పట్టి, కాటాకు వేలాడదీసి, ముల్లు కనబడేలా ఫొటో తేకపోతే మీసం తీయించుకుంటానన్నారట. చేప నిజంగానే పడింది. చాలాసేపు లాగి గట్టు మీదికి తెచ్చారు. నేను ఉయ్యాల తడుపుతున్నాను.

"సంచి వద్దు బాబాయ్" అన్నారు. "సంచిలో చేప ఉందో ఇటుక ఉందో ఎవడికి తెలుస్తుంది? కొక్కేనికి తగిలించు. ఒక్క ఫొటో."

"వేలాడదీస్తే దాని బరువే దాని దవడ చీలుస్తుంది. పడుకోబెట్టి తియ్యి నీ ఫొటో."

"పడుకున్న చేప ఫొటోకి నా మీసం పోతుంది."

"మీసం మళ్లీ మొలుస్తుందిరా. దవడ మొలవదు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. అప్పటికి మేం చేపను ఉయ్యాలలో పెట్టి ఎత్తాం. నేను ఊపిరి బిగబట్టాను. షెడ్డు అన్నయ్య ఒక్క ఊపున కాటాను గొట్టం మీంచి లాగేసి, దాని కొక్కేన్ని పెద్దత్త దవడ కింద గుచ్చి పైకి లేపారు. అది ఒక్కసారి ఒళ్లంతా విదిలించింది. పర్రున చీలి, రెండు మొప్పల్లోంచీ నెత్తురు మామయ్య మొహం మీదికి చిమ్మింది. మామయ్య ఆయన చెయ్యి పట్టుకున్నారు. షెడ్డు అన్నయ్య మోచేత్తో మామయ్య దవడ మీద గుద్దారు. మామయ్య పడ్డారు. లేవబోతే కడుపులో తన్నారు. మళ్లీ పడ్డాక మొహాన్ని బురదలోకి అదిమి మెడ మీద కాలు వేశారు. "మీసమా? నా మీసమా?" అని ప్రతి మాటకీ కాలు నొక్కుతున్నారు. మామయ్య చేతులు బురదను కొట్టుకుంటున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లలో ఒక్కరూ దగ్గరికి రాలేదు. పోలీసులకు ఫోను చేస్తామని చెప్పి గేటు వైపు పరిగెత్తారు.

ఇక్కడిదాకా వదిన రాసిందే నేనూ రాశాను. ఇంతవరకూ అంతా నిజం. దీని తర్వాత వదిన రాసింది నిజం కాదు. ఆ తప్పు వదినది కాదు, తనకూ అప్పటికి తెలియదు.

కొట్టింది నేనండీ.

గొట్టం నా చేతుల్లోనే ఉంది. మొదటి దెబ్బ షెడ్డు అన్నయ్య మోచేతి మీద వేశాను. దాంతోనే ఆయన మామయ్య మెడ మీంచి కాలు తీసి, మోకాళ్ల మీద పడ్డారు. మామయ్యకు ఊపిరి ఆడింది. అక్కడితో ఆపి ఉండొచ్చు. షెడ్డు అన్నయ్య కుడిచెయ్యి నేలకు ఆనించి లేవబోయారు. ఆ చేతి మీద కొట్టాను. "చెల్లెమ్మా" అన్నారు. ఆ మాట నాకు బాగా వినబడింది. విని, ఆ చేతి మీదే మళ్లీ కొట్టాను. పడిపోయాక చెవి దగ్గర కొట్టాను.

కోపంతో చేశానని రాస్తే అబద్ధం అవుతుంది. కోపం మొదటి దెబ్బతోనే అయిపోయింది. ఆ తర్వాత నాకు హాయిగా ఉంది. పుట్టినప్పట్నుంచి నోట్లోంచి రానిదంతా చేతుల్లోంచి వెళ్లిపోతున్నట్టు తేలిగ్గా ఉంది. చేపను కాపాడటానికి కొట్టానని ఎవరైనా అంటే నమ్మకండి. పెద్దత్త గట్టు మీద నోరు తెరుచుకుని ఉంది, నేను దాని వైపే చూడలేదు. మామయ్యే పాక్కుంటూ వెళ్లి దాన్ని నీళ్లలోకి తోశారు. అప్పుడు నేను ఊపిరి వదిలాను. అంతసేపూ బిగబట్టే ఉన్నానని అప్పుడు తెలిసింది.

మామయ్య నా చేతులు కడిగారు. గొట్టం తీసుకున్నారు. "నువ్వు ఇంట్లోకి పరిగెత్తావు. అప్పటికి గట్టు మీద లేవు. వాడు అడ్డంగా మాట్లాడితే నేనే కొట్టాను. విన్నావా?" అన్నారు. నోట్లో నెత్తురుతో సరిగా పలకలేక రెండుసార్లు చెప్పారు. పోలీసులు వచ్చాక, "మీ మామయ్యేనా కొట్టింది?" అని అడిగారు. నేను ఊఁ అన్నాను. ఆ ఒక్క అక్షరంతో ఆయన్ని జీపు ఎక్కించారు.

షెడ్డు అన్నయ్యకు తెలివి వచ్చాకైనా నిజం చెబుతారనుకున్నాను. ఆయన కూడా ముసలాయనే కొట్టాడని రాయించారు. ఊఁ చెల్లెమ్మ చేతిలో దెబ్బలు తిన్నానని ఏ మొహంతో చెబుతారు? మీసం సంగతి అక్కడా వచ్చింది. మామయ్యకు శిక్ష పడితే ఆ వయసులో తిరిగిరారని వకీలు గుమాస్తా వదినతో అన్నాడు.

ఈ ఉదయం వదినకు చెప్పాను. ఒక చెంప మీద కొట్టింది. నేను కదల్లేదు. రెండో చెంప మీద కొట్టింది. "నోట్లో నాలుక లేని పిల్ల అనుకున్నానే, కడుపులో ఇంత కత్తి పెట్టుకుని తిరిగావా?" అంది. తర్వాత నన్ను పీట మీద కూర్చోబెట్టి తల దువ్వింది. చిక్కు తీస్తూ ఏడ్చింది. "జుట్టు చెదిరి వెళితే పిచ్చిదనుకుంటారు" అంది. ఇప్పుడు బయలుదేరుతున్నాను.

ఇక్కడి నుంచి స్టేషను వరండాలో కూర్చుని రాస్తున్నాను. కలం ఇక్కడి మహిళా పోలీసుది. రంగు మారితే ఏమనుకోకండి.

ఆఫీసరు ముందు నిలబడి, "నేను కొట్టాను" అన్నాను. మొదటిసారి ఆయనకు వినబడలేదు. రెండోసారి చెబితే పక్కన కాగితాలు రాసే పోలీసు నవ్వాడు. "కొట్టినాయన నేనే అంటాడు, కొట్టించుకున్నాయన అతనే అంటాడు. మధ్యలో నీకేం తొందరమ్మా? నువ్వు కొడితే ఈగ లేస్తుందా?" అన్నాడు. నేను వరసగా చెప్పుకుపోయాను. మోచెయ్యి, వేళ్లు, మళ్లీ వేళ్లు, చెవి. మామగారి మీద ప్రేమతో చెబుతున్నావన్నారు.

"మామయ్యను ఆ గొట్టం ఎత్తి చూపమనండి" అన్నాను. ఆయన కుడి భుజం పట్టేసి ఎన్నాళ్లయిందో మీకు తెలుసు. తూకం వేసేటప్పుడు కూడా ఆయన కొస నడుము దగ్గరే ఉంటుంది.

తీసుకొచ్చారు. నన్ను చూడగానే మామయ్య మొహం నల్లబడింది. "ఇది నోరు లేనిదండీ, ఎవరో చెప్పిపంపారు. ఇంటికి పంపేయండి" అన్నారు. ఆఫీసరు మూల నిలబెట్టిన మన గొట్టం ఇచ్చి, ఎత్తి కొట్టినట్టు చూపమన్నారు. మామయ్య ఎత్తారు. ఛాతీదాకా వచ్చింది. పళ్లు బిగించి మళ్లీ ఎత్తారు. భుజం దగ్గర ఏదో కలుక్కుమంది. పెదవి కొరుక్కుని, ఊడిన పన్ను సందులోంచి నెత్తురు కారుతుంటే మళ్లీ ఎత్తబోయారు. తనే నేరస్థుణ్ణని చూపించుకోవడానికి ఆ ముసలాయన పడ్డ పాటు నేను చూడలేకపోయాను. ఆయన చేతుల్లోంచి గొట్టం లాక్కుని, తల మీదుగా ఎత్తి, అక్కడున్న చెక్కబెంచీ మీద కొట్టాను. బెంచీ నిలువునా చీలింది. ఒక ముక్క ఎగిరి గోడ గడియారం అద్దానికి తగిలింది. నవ్విన పోలీసు కుర్చీలోంచి లేచి గోడకు ఆనుకున్నాడు.

మామయ్య నేల మీద కూలబడి, "ఎంత పని చేశావమ్మాయ్, మావాడికి నేనేం చెప్పుకోను" అని తల కొట్టుకున్నారు. ఆఫీసరు కొత్త కాగితం తీసి, "మొదట్నుంచి చెప్పు. ఈసారి మెల్లగా చెప్పు" అన్నారు. మొదటి దెబ్బ దగ్గర ఆయన కలం ఆపి, "మిగతావి కూడా ఆయన్ని కాపాడటానికేనా?" అని అడిగారు. అప్పుడు ఊఁ అంటే నాకు మేలు జరిగేదని తర్వాత మహిళా పోలీసు చెప్పింది. నేను కాదన్నాను.

మామయ్యను సాయంత్రానికి వదిలేస్తారట. తప్పు సాక్ష్యం చెప్పినందుకు ఆయన్ని మందలించారు, అంతే. నన్ను రేపు కోర్టుకు తీసుకెళతారు. ఎన్నాళ్లో తెలియదు. నాకు కాపలా ఉన్న మహిళా పోలీసు మంచిది. ఏదో కొట్లాటలో పట్టుకొచ్చిన ఇంకొకావిడ కొరికిన చేతికి కట్టు కట్టుకుని వచ్చింది, నన్ను చూసి కొంచెం దూరంగా కూర్చుంది. నవ్వొచ్చింది.

మీరు ఒడ్డుకు వచ్చాక ముందు ఆసుపత్రికి వెళ్లండి. షెడ్డు అన్నయ్య కుడిచేతికి రెండు వేళ్లు తీసేశారు. ఆ వైపు చెవి వినబడదంటున్నారు. మీరు ఎడమవైపు కూర్చుని మాట్లాడండి. నా తరఫున క్షమాపణ అడగకండి. అది మీరు అడిగేది కాదు. ఆయన తిడితే తిట్టించుకోండి. మీ ఇద్దరి స్నేహం నేను రాకముందు నుంచీ ఉంది. ఆ తర్వాత మామయ్య దగ్గరికి వెళ్లండి. భుజానికి కాపడం పెట్టమని వదినకు గుర్తుచేయండి.

నా దగ్గరికి రావాలని మనసుకు తోస్తేనే రండి. తోయకపోతే నేను అర్థం చేసుకుంటాను. పెళ్లయి ఇన్నాళ్లయినా మీరు అడగడం, నేను తల ఊపడమే తప్ప మనం మాట్లాడుకున్నది లేదు. మీరు వస్తే మీరేమీ అడగక్కర్లేదు. నేనే ముందు మాట్లాడతాను.

ఇట్లు,
మీ ఇల్లాలు