పింగాణీ గింజ, పచ్చ పొట్లం

సించూ, మంగళవారం

యంత్రశాల అధికారిణి తూ అక్కగారి దివ్యసముఖానికి, పరిశోధక విద్యార్థి కో షాంగ్-యూ సాష్టాంగపడి విన్నవించుకునేది.

నేను పుట్టినందుకు క్షమించండి. పుట్టి యాంటెన్నాలు చదివినందుకు, చదివి మీ పెద్ద కంప్యూటరు ముందు వరసలో నిలబడినందుకు కూడా క్షమించండి. దాని నెత్తిన మీరు పెట్టిన ఆకుపచ్చ చిరుతిండి పొట్లం మాయమైందని, తిన్న నోరు నాదేనని నోటీసు చూశాను. దానికి మాత్రం క్షమాపణ లేదు. నేను తినలేదు.

'బుద్ధిగా ఉండు' అని పేరున్న పొట్లం పెడితే మిషన్లు బుద్ధిగా ఉంటాయని మన ఊరి నమ్మకం. నా లెక్క నత్తలా పాకేది పొట్లం లేక కాదు, పింగాణీ వల్ల. చెవి మిషన్‌లో దూర్చే నా యాంటెన్నా బియ్యపు గింజంత పింగాణీలో ఉంటుంది. అందులో దూరిన రేడియో అల ముడుచుకుపోతుంది. దాన్ని కంప్యూటర్లో పట్టాలంటే ఆ చోటుని సన్న గళ్ళుగా కోసి, గడిగడికీ లెక్క కట్టాలి. మా సాఫ్ట్‌వేరేమో ఆ గింజ కోసం చుట్టూ ఉన్న గాలినంతా అంతే సన్నగా కోస్తోంది. శుక్రవారం సమీక్షకి ఫలితం చూపకపోతే మా గైడు లాయ్ సారు నా ప్రాజెక్టు మూసేస్తారు.

ఇట్లు,
తినని షాంగ్-యూ

తా.క. అది కొబ్బరి రుచి. నాకు కొబ్బరి పడదు.

---

బుధవారం

చిరంజీవి షాంగ్-యూను తూ అక్క దీవించి రాయునది.

బాబూ, తిననివాడికి రుచి ఎలా తెలిసింది? పైగా పింగాణీ అంటున్నావు. అంటే యంత్రశాలలోకి గిన్నెలు కూడా తెస్తున్నావన్నమాట. అధికారిక పొట్లం తప్ప లోపలికి మెతుకు రాకూడదు. తప్పు ఒప్పుకో, లేదా నీ అకౌంటు ఆపేస్తాను.

ఆశీస్సులతో,
తూ

తా.క. నూడుల్స్ తిన్న గిన్నె ఎక్కడ దాచావు?

---

గురువారం ఉదయం

అక్కగారికి,

ఆపితే ఆపుకోండి. చెయ్యని తప్పుకి తల వంచే మెడ కాదు నాది. ఆపేలోగా ఒకటి వినండి. ఒక్క ఉల్లికాడని సన్నగా తరగాలని బజారులో కూరలన్నీ సన్నగా తరుగుతామా? నిన్న గింజలో మాత్రమే సన్న గళ్ళు కోశాను, గాలిలో పెద్దవి. మామూలుగా గడి చిన్నదైతే లెక్క కాలంలో కూడా చీమ అడుగులే వెయ్యాలి. కానీ పింగాణీలో అలే నెమ్మది, కాబట్టి అడుగు కుదించే పని లేదు. మధ్యాహ్నం మొదలుపెడితే టీ వేళకి అయిపోయింది. మీ పొట్లానికి ఇందులో వీసమెత్తు వాటా లేదు.

ఇట్లు,
తల వంచని షాంగ్-యూ

తా.క. గిన్నె లేదు. ఉన్నా చూపించను.

---

గురువారం సాయంత్రం

షాంగ్-యూకి,

పాత పొట్లం తేదీ దాటిందని నేనే తీసేసి మరిచిపోయాను. ఇందాక నా సొరుగులో కనబడింది. నోటీసు చింపేశాను. ఇక నీ మీద ఆ మచ్చ లేదు.

కానీ కంప్యూటరు వెనక నిన్నటి నుంచి కొత్త పచ్చ పొట్లం ఒకటి ఉంది. మా ఆఫీసులో ఎవరూ కొనలేదు. పెట్టినవాళ్ళు ఒప్పుకుంటే దాన్ని అధికారిక పొట్లంగా నమోదు చేస్తాను. లేకపోతే అది దొంగ తిండి. అది పెట్టిన రోజు నడిచిన లెక్కలన్నీ తుడిచెయ్యాలని రూలు. ఆ రోజు నడిచింది ఒకటే లెక్క.

తూ

తా.క. కొన్నవాడు సంగతి తెలిసినవాడే. పసుపుది పెడితే మిషను మొరాయిస్తుందని పచ్చదే ఏరి తెచ్చాడు.

---

శుక్రవారం, సమీక్షకి ముందు

అక్కగారికి,

పాత పొట్లం నేను తినలేదని తేలింది. సంతోషం. వేగం గళ్ళ వల్లే వచ్చిందని లాయ్ సారు బట్టతల మీద ఒట్టేసి చెబుతాను. సమీక్షలో ఎవరడిగినా ఇదే మాట. మీరడిగినా ఇదే మాట. నా ఫైలు జాగ్రత్త.

ఇట్లు,
ఇప్పటికీ తల వంచని షాంగ్-యూ

తా.క. ఒక్కసారి వంచాను. గళ్ళన్నీ కోశాక, మీట నొక్కేముందు, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, ఆ పొట్లం రెండు చేతులా పెట్టి, "బుద్ధిగా ఉండవే తల్లీ" అన్నది నేనే.