గళ్ల మేడమ్ అధ్యాయం

జూన్ 3

నా పుస్తకం ప్రూఫులు వచ్చాయి. బళ్లలో డ్రాయింగ్ ఎవరు నేర్పారు, ఎలా నేర్పారు అన్న చరిత్ర. ట్రైనింగ్ కాలేజీలో టీచర్లకు పాఠాలు చెప్పుకుంటూనే రాశాను. సంతోషించాల్సిన రోజు. ఆరో అధ్యాయం మాత్రం తెరవకుండా పక్కన పెట్టాను. అది మా మేడమ్ గురించి. నాకు పెన్సిల్ పట్టుకోవడం నేర్పింది ఆవిడే, ఉద్యోగంలో పెట్టించిందీ ఆవిడే. ఆవిడ డ్రాయింగ్ పుస్తకాలు ప్రతి బడిలోనూ ఉండేవి. ఎడమ పేజీలో గళ్ల మీద బొమ్మ, కుడి పేజీలో ఖాళీ గళ్లు. చూసి దించడమే. పిల్లలు చాటుగా గళ్ల మేడమ్ అనేవాళ్లు. ఆ గళ్ల వల్లే రెండు తరాల పిల్లలు తమకు బొమ్మలు రావని నమ్మేశారని రాశాను.

సాయంత్రం ఆవిడే ఫోన్ చేశారు. నాకు చూపు పోయింది కదా, నువ్వే వచ్చి నా అధ్యాయం చదివిపెట్టు అన్నారు.

జూన్ 4

ఆ ముక్క దాటేసి చదువు, ఆవిడకేం తెలుస్తుంది అని మావారి సలహా. రిటైరైన లాయరు. అడక్కపోయినా ఇస్తారు.

జూన్ 6, మధ్యాహ్నం

దాటేసే చదివాను. సిగ్గులేకుండా. మేడమ్ కుర్చీలో వెనక్కి వాలి విన్నారు. పొగడ్తలు బాగానే ఉన్నాయి, తిట్లెక్కడ అమ్మాయ్ అన్నారు. నా క్లాసులో కూర్చున్నప్పుడే నీకు గళ్లంటే ఒళ్లుమంట, నాకు తెలీదనుకున్నావా అన్నారు.

అప్పుడు మొత్తం చదివాను. చిన్నప్పుడు గళ్లు దాటిన తన ఏనుగు బొమ్మని టీచరు ఎర్రసిరాతో కొట్టేస్తే, మళ్లీ బొమ్మల జోలికే పోలేదని నాకు చెప్పిన ఒక నర్సు మాటలతో సహా.  పక్కగదిలోంచి విన్న మేడమ్ కూతురు నా వెనకే గుమ్మం దాకా వచ్చి, కళ్లు లేని మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇన్ని మాటలనడానికి మీకు నోరెలా వచ్చిందండీ అని తలుపేసింది.

జూన్ 7

మేడమ్ దగ్గర్నుంచి ఫోన్ రాలేదు.

జూన్ 10

వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. అమ్మ అన్నం ముట్టట్లేదు, ఆ అధ్యాయం తీసేయండి, మీకు పుణ్యముంటుంది అని ఏడ్చింది. ఎడిటర్‌ని అడిగితే తీసేయడానికి ఇంకా టైముందన్నాడు. మరి ఆ నర్సుకి నేనేం చెప్పాలి? నమ్మి చెప్పుకుంది. పొద్దుటినుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

జూన్ 12

మేడమే ఫోన్ చేశారు. ఒక్క తిట్టు తీసినా ఊరుకోనన్నారు. కానీ నువ్వు నన్నొక మాట అడగలేదేమ్మా, గళ్లెందుకు పెట్టానని? గదికి తొంభైమంది పిల్లలు, తిన్నగా గీత గీయడం రాని పంతుళ్లు, గళ్లయితే ఎవరైనా నేర్పొచ్చని పెట్టాను, అదీ రాయి అన్నారు.

ఊళ్లన్నీ తిరిగి ఎందరినో ఇంటర్వ్యూ చేశాను. ఆవిడను మాత్రం అడగలేదు. భయమా? ఆవిడ జవాబు బాగుంటే నా అధ్యాయం పాడవుతుందనా?

పేరా చేర్చాను. తిట్లు ఉంచాను. మనసు తేలికపడలేదు.

జూన్ 15

మేడమ్ పిలిపించి కాగితం, స్కేలు, పెన్సిల్ అడిగారు. తడుముకుంటూ పేజీ నిండా గళ్లు గీశారు. ఒక్కటీ వంకరపోలేదు. ఇప్పుడేం వెయ్యను అన్నారు. మీ ఇష్టం మేడమ్, ఏదైనా వేయండి అన్నాను.

ఎడమ పేజీలో బొమ్మ కోసం వెతికినట్టు కాగితానికి ఎడమపక్క బల్లంతా తడిమారు. తర్వాత పెన్సిల్ నా చేతిలో పెట్టేశారు.