రాళ్లు అడ్డం పెట్టిన దారి

రెంబెర్తో గారికి నమస్కారాలు.

బొలీవియా వచ్చే యాత్రికుల కోసం మీ కార్యాలయం వేస్తున్న పుస్తకానికి నేను రాసిన సూచనల్లో మీరు ఒక్కటే కొట్టేశారు. "దారికి అడ్డంగా రాళ్లు కనిపిస్తే బస్సు దిగి నడవండి, అవతల ఇంకో బస్సు దొరుకుతుంది; రాళ్ల దగ్గర కూర్చున్నవాళ్లను పలకరించి, ఎందుకు కూర్చున్నారో అడగండి." దీని బదులు "అల్లరిమూక ఉంటుంది, వెనక్కి తిరగండి" అని రాయమన్నారు. రాయకపోతే నా వ్యాసమే అచ్చువేయనన్నారు.

ఆ రాళ్లు పేర్చినవాళ్లలో మా అమ్మమ్మ సతుర్నీనా ఉంది. గని కంపెనీవాళ్లు మా వాగును మళ్లించుకున్నారు, అందుకే ఊరంతా దారికి అడ్డంగా కూర్చుంది. మొన్న రొప్పుతూ నడిచొచ్చిన ఒక విదేశీయుణ్ణి చూసి ఆమె, "రా నాయనా, ఆ మూట దించు. బంగాళదుంపలు తిను. నీళ్లు మాత్రం అడక్కు, ఈ గొడవంతా వాటికోసమే!" అంది. అతను నవ్వి, కూర్చుని, సంగతంతా విన్నాడు. "మూక" అన్న మాట ఆమెకు ఎలా అతికించాలో నాకు తెలియడం లేదు.

నా పేరు అచ్చులో చూసుకోవాలని ఎంతో ఆశ. అయినా ఆ వాక్యం మార్చను.

శుక్రవారం మీరు రాజధానికి మా దారిలోనే వెళ్లాలట. రాళ్ల దగ్గర కారు దిగి నడవండి. అమ్మమ్మ మిమ్మల్నీ కూర్చోమంటుంది. ఎందుకు కూర్చున్నారో అడగండి.

ఇట్లు,
మీరు కొట్టేసిన వాక్యం రాసిన విద్యార్థిని