ఎడమవైపు ఆవాలు

ఆగస్టు 8, శుక్రవారం. పొద్దుటి నుంచి ముసురు. కుట్టుమిషన్‌కి నూనె వేశాను.

ఆపరేషన్‌లో ఎడమ రొమ్ము తీసేశాక సరోజ చిలకలపూడిలో గిల్టు నగల పనికి వెళ్లడం మానేసింది. పక్కన కూర్చునే ఆడవాళ్లు చూస్తారని జంకు. జాకెట్టు లోపలికి తనకు సరిపడే బాడీ ఉందా అని బందరు కొట్లో అడగడానికి నాకు నోరు రాలేదు. పాత బాడీ విప్పి, ఆ కొలతకే గుడ్డ కత్తిరించి, ఎడమవైపు లోపల చిన్న సంచి పెట్టి కుట్టాను. నిన్న దూది కూరితే బరువు చాలక, చెయ్యెత్తగానే మెడ దాకా ఎక్కింది. ఈ రోజు దూది తీసేసి ఆవాలు పోశాను.

"ఏవండీ, నాకు పోపు పెడుతున్నారా?" అని నవ్వింది. వేసుకుని అద్దం ముందు రెండు చేతులూ ఎత్తింది. కదల్లేదు. కానీ మచ్చ దగ్గర కుట్టు గుచ్చుకుంటోందట. విప్పి, ఆ కుట్టు బయటివైపుకి వచ్చేలా మళ్లీ కుట్టాను. రేపు గుచ్చుకున్నా మళ్లీ విప్పుతాను. పనికి ఎప్పుడు వెళ్తావని మాత్రం అడగలేదు.

ఇప్పుడే వంటింట్లోంచి కేకేసింది. "ఏవండీ, రేపు బాక్సులోకి పులిహోర కలుపుకుంటాను. ఆవాలు ఏమన్నా మిగిల్చారా, మొత్తం పోసేశారా?"

చూసి వచ్చి మిగతాది రాస్తాను.