చదివే పెట్టిన సంతకం

అన్నయ్యకు,

ఫోన్ చేస్తే నన్ను మాట్లాడనివ్వవు. అందుకే ఉత్తరం. చించెయ్యాలనిపిస్తే చదివాక చించు.

పార్టీ కార్యదర్శిగా నువ్వు పంపిన మనిషి నిన్న యూనివర్సిటీలో నా ఆఫీసుకు వచ్చాడు. "చరిత్ర మాస్టారిని శుక్రవారం పాలకమండలిలో తీసెయ్యాలమ్మా. ఆయన పుస్తకంలో మిమ్మల్నే కదా ఏకింది? మీకూ కడుపు చల్లబడుతుంది" అన్నాడు.

చల్లబడదు అన్నయ్యా. ఆ పుస్తకం రెండుసార్లు చదివాను. అందులో ఉన్నదంతా నిజం. పన్నెండేళ్ల కిందట నేను విద్యామంత్రిని. ఫీజులు పెంచొద్దని పిల్లలు ఇదే యూనివర్సిటీ లైబ్రరీలో బైఠాయించారు. లోపలికి పోలీసుల్ని పంపే కాగితం తెచ్చింది నువ్వు. ముఖ్యమంత్రి గారి మాటగా "పెద్దాయన చెప్పారు, సంతకం పెట్టెయ్యవే" అన్నావు. చదవకుండా పెట్టానని ఇన్నాళ్లూ అందరితో అన్నాను, మా ఆయనతో కూడా. అబద్ధం. ప్రతి వాక్యం చదివే పెట్టాను. ఆ లాఠీ దెబ్బల్లో ఒకమ్మాయికి ఎడమకన్ను పోయింది. ఆసుపత్రికి వెళ్తానంటే "వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టే" అని కారు తాళాలు జేబులో వేసుకున్నావు. నడిచైనా వెళ్లి ఉండొచ్చు. వెళ్లలేదు. ఆ తప్పు నీది కాదు, నాది.

ఎన్నికల్లో ఓడాక ఈ ఉపకులపతి కుర్చీ ఇప్పించిందీ నువ్వే. చెప్పినచోట సంతకం పెడుతూ కూర్చుంటుందిలే అనుకున్నావు. మైకు పట్టుకుని అరవడమే వచ్చని ప్రొఫెసర్లు నాకు "మైకమ్మ" అని పేరు పెట్టారు. చదువులేని దానికి ఈ పదవేమిటని మొహం మీదే అన్నారు. కానీ హాస్టల్లో నీళ్లు ఆగిపోతే నాలుగంతస్తులెక్కి ట్యాంకులోకి తొంగిచూసింది ఈ మైకమ్మే. ఓట్లకోసం గడపగడపా ఎక్కిన కాళ్లకు ఆ మెట్లొక లెక్కా?

రాజకీయాల్లోంచి వచ్చానని సిగ్గుపడను. నీ మాటకు డూడూ బసవన్నలా తలాడిస్తే మాత్రం సిగ్గుపడతాను. మాస్టారిని తీసేసే కాగితం మీద సంతకం పెట్టను. ఏం చేసుకుంటారో చేసుకోండి.

నీ చెల్లెలు

*

అన్నయ్యకు,

శుక్రవారం సంగతి నీకు ఈపాటికి ఉప్పూకారం అద్ది చెప్పే ఉంటారు. అద్దకుండా నేను చెబుతాను.

పాలకమండలిలో రిజిస్ట్రార్ మాస్టారిని తీసేసే ఫైలు నా ముందు పెట్టాడు. నీ మనిషీ సభ్యుడే కదా, "ఇంకా ఆలోచనేంటమ్మా?" అన్నాడు. లేచి నిలబడ్డాను. కూర్చుని మాట్లాడటం నాకెప్పుడూ రాదు కదా.

"మాస్టారు రాసింది అబద్ధమైతే తీసెయ్యండి. నిజమే అనడానికి నేనున్నాను. ఆ ఉత్తర్వు చదివే సంతకం పెట్టాను. మినిట్స్‌లో రాసుకోండి."

రిజిస్ట్రార్ కలం గాలిలో ఆగిపోయింది. "నిజంగా రాయమంటారా మేడమ్?"

"పెద్దక్షరాలతో రాయండి."

పదకొండుమందిలో ఆరుగురు మాస్టారి వైపు చేతులెత్తారు. అందులో నాకు మైకమ్మని పేరు పెట్టిన ప్రొఫెసరు కూడా ఉన్నాడు.

సాయంత్రం మాస్టారు నా గదికి వచ్చారు. కృతజ్ఞతలు చెబుతారనుకున్నాను. "నన్ను కాపాడారని మీ గురించి రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా మార్చను" అన్నారు.

"మార్చమని ఎవరడిగారండీ? ఆ అమ్మాయి ఎక్కడుందో చెప్పండి చాలు" అన్నాను.

ఆ అమ్మాయి ఇప్పుడు ఒక వీధి బడిలో లెక్కలు చెబుతోంది. ఆదివారం వాళ్లింటికి నడిచే వెళ్లాను. తలుపు తీసి నన్ను గుర్తుపట్టింది. లోపలికి రమ్మనలేదు.

"పన్నెండేళ్లు పట్టిందా మేడమ్ మీకు దారి దొరకడానికి?" అంది.

"పట్టిందమ్మా" అన్నాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. అడిగినా క్షమించేది కాదు. "మీ బాధ నాకేం పనికొస్తుంది? సాక్ష్యం లేదని నా కేసు కొట్టేశారు. మళ్లీ వేస్తాను. వచ్చి చెబుతారా?" అంది.

వస్తానన్నాను. గడప బయటే నిలబడి, ఆమె ఇచ్చిన కాగితం మీద ఆ మాటే రాసి ఇచ్చాను కూడా.

కోర్టులో మొదట అడిగేది, ఆ ఉత్తర్వు మీ దగ్గరికి ఎవరు తెచ్చారని. చెబుతాను. పెద్దాయన పేరూ చెబుతాను, నీ పేరూ చెబుతాను. నా పేరు ముందు చెప్పాకే. పేపర్లో చూసి తెలుసుకోవడం తోడబుట్టినవాడికి మర్యాద కాదని ఇవాళే రాస్తున్నాను. కుర్చీ పీకేస్తారని భయపెట్టకు. పీకే లోపల చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి.

నీకు వీలైతే నువ్వూ రా, అన్నయ్యా. ఇద్దరం కలిసే చెబుదాం.

ఇంకా నీ చెల్లెలినే