మొదటి యాభై గంటలు

జోన్స్‌పోర్ట్,
జూలై 9

ప్రియమైన ఆర్డిత్‌కు,

మీ అమ్మగారి తుంటి కుదుటపడుతున్నందుకు సంతోషం. ఫోనులో నీ గొంతు వింటే చెప్పలేనని ఇది రాస్తున్నాను. మన పడవకు పెట్టిన కొత్త ఇంజను సోమవారం సముద్రం మధ్యలో ఆగిపోయింది. మీ తమ్ముడు వేలండ్ తాడు కట్టి రేవుకు లాక్కొచ్చాడు. మన ఎనిమిది వందల లాబ్‌స్టర్ రొయ్యలు పట్టే బోనులు నీటిలోనే ఉన్నాయి. వాటిని మరొకరు ఎత్తడానికి చట్టం ఒప్పదు. ఇంజను రాకపోతే ఈ ఏటి వేట ముగిసినట్టే.

వారంటీ ఇంకా ఉంది. కంపెనీ మెకానిక్ డెనీస్ వచ్చి ఒక పత్రం ఇచ్చింది. కొత్త ఇంజను కుదురుకొనే మొదటి యాభై గంటలలో దాన్ని పూర్తి వేగంతో నడిపారా అన్నది అందులోని ప్రశ్న. నడిపినందువల్ల చెడితే వారంటీ చెల్లదు. నేను "లేదు" అని రాసి సంతకం చేశాను.

నడిపాను, ఆర్డిత్. పడవ పందెం నాటికి ఇంజను తిరిగినది పద్దెనిమిది గంటలే. నేను చూడడానికే వెళ్లాను. రేవు మీద అందరి ముందు వేలండ్, "ఏం బావా, రాత్రి బడికెళ్లి ఇంజను పుస్తకం బట్టీ పట్టావటగా! మరి పడవకి పరుగు రాదా, దాని పరీక్షలింకా అవలేదా?" అన్నాడు. అందరూ నవ్వారు. పడవెక్కి పూర్తి వేగంతో పందెంలో దిగాను. నాలుగో స్థానం వచ్చింది. పందెంలో ఉన్నవి ఐదు పడవలు.

నలభై ఆరేళ్లు వచ్చేదాకా ఏ కాగితమైనా నువ్వు చదివి చెబితే సంతకం పెట్టినవాణ్ణి. నా అంతట నేను చదివి, అర్థం చేసుకొని పెట్టిన మొదటి సంతకం అబద్ధం కింద పెట్టాను.

నీ
ఎల్డన్

జోన్స్‌పోర్ట్,
జూలై 16

ప్రియమైన ఆర్డిత్‌కు,

"నోరు మూసుకుని ఇంజను రానివ్వండి, నీతులు చలికాలంలో చూసుకుందాం" అని రాశావు. నీ మాట కాదన్నందుకు మన్నించు. నిన్న డెనీస్ దగ్గరికి వెళ్లి, రాసింది అబద్ధమని చెప్పాను. ఇంజను పోయినట్టేనని నిశ్చయించుకొనే వెళ్లాను.

ఆమె శాండ్‌విచ్ నములుతూనే, "తెలుసండీ. ఎప్పుడెంత వేగంతో నడిపారో ఇంజనులోని కంప్యూటరే రాసి పెట్టుకుంటుంది. పందెంలో దిగినోళ్లంతా 'లేదు' అనే రాస్తారు. మీది ఆగింది దానివల్ల కాదు, దాని నీళ్ల పంపు మా కంపెనీ నుంచే పగిలి వచ్చింది. తప్పు మాది. గురువారం కొత్త ఇంజను వస్తుంది, ఇంటికెళ్లండి" అంది.

నా పత్రం తిరిగి ఇమ్మన్నాను.

"ఎందుకండీ, పనైపోయిందిగా?"

పని అయింది, పత్రం కాలేదన్నాను. పాతది వెనక్కి తీసుకొని, మరో ఖాళీ పత్రంలో "అవును" అని రాసి, సంతకం చేసి ఇచ్చాను. చూడకుండానే సొరుగులో వేయబోయింది.

"చదవండి" అన్నాను.

"ఇప్పుడా?"

"పైకి."

ఆమె నా ముఖం వంక ఒకసారి చూసి, శాండ్‌విచ్ పక్కన పెట్టి, చేతులు తుడుచుకొని, చదివింది.

నీ
ఎల్డన్