అతిథుల గదిలో ఆఫీసు

నిజార్‌కి,

సలాం. స్ఫాక్స్‌లో మన ఇంట అందరి ఒంట్లోనూ బాగానే ఉంది, నా కోపానికే ఇంకా నయం కాలేదు. జెనోవాలో నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను.

పన్ను మినహాయింపు సంగతి ఏమైందని కిందటి ఉత్తరంలో అడిగావు. ఏమవుతుంది, మట్టికొట్టుకుపోయింది! ఫ్రాన్సులోని పళ్ల డాక్టర్ల అపాయింట్‌మెంట్లు, ఉత్తరాలు, బిల్లులు నేను చూసేది మన అతిథుల గదిలోనే కదా. ఆ గది అద్దె, కరెంటు, ఇంటర్నెట్టు నా పని ఖర్చు కింద మినహాయించమన్నాను. ఆ గది పనికి తప్ప మరిదేనికీ వాడటం లేదని కళ్లారా చూడాలన్నాడు పన్నుల అధికారి. రమ్మన్నాను.

ఆయన వచ్చే రోజున కరెంటు బిల్లు నకలు తీయించడానికి వీధి చివరిదాకా వెళ్లొచ్చాను, అంతే. ఈలోగా మీ అమ్మ చేసిన నిర్వాకం విను! పెద్దమనిషి వస్తున్నాడని నా బల్ల, కంప్యూటరు, ఫైళ్లు పడగ్గదిలోకి ఈడ్చిపారేసి, గదినిండా పట్టుదిండ్లు పరిచింది. నేను గుమ్మం ఎక్కేసరికి ఆయన దర్జాగా ఖర్జూరం మిఠాయి నములుతున్నాడు.

"ఇక్కడ ఎవరూ పనిచేయరా అమ్మా?"

"అయ్యో, పనేంటి బాబూ! అతిథులు కూర్చునే చోట పని చేసుకుంటామా, సిగ్గు కాదూ? మా కోడలు తోచక ఆ మీటలు టకటకలాడిస్తుంటుంది. ఇల్లు నడిపేది ఇటలీలో ఉన్న మా అబ్బాయే."

ఆయన నన్ను చూసి నవ్వాడు. "కాలక్షేపానికి మినహాయింపులు ఉండవు చెల్లెమ్మా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎక్కడో పంటినొప్పి పుట్టినవాళ్ల తిట్లన్నీ తినేది నేను, నడుం విరిగేది నాకు. పన్ను కట్టేటప్పుడు అది ఉద్యోగం, మినహాయింపు అడిగితే కాలక్షేపమూనా! ఇదే పని ఓ మగాడు వీధిలో గది తీసుకుని బోర్డు పెట్టి చేస్తే, ఈ అధికారి మారు మాట్లాడకుండా సంతకం పెట్టేవాడు కాదూ?

ఇక అసలు సంగతి. ఇంతసేపూ రాయడానికి చెయ్యి రాలేదు. ఆ కోపంలో అనేశాను: "అత్తయ్యా, మీ అబ్బాయికి పని పోయి చాన్నాళ్లయింది. రంజాన్ నుంచీ ఈ ఇంటి అద్దె, మీ షుగరు మాత్రలు, అక్కడ ఆయన తినే రొట్టె, అన్నీ ఆ మీటల మీదే వస్తున్నాయి!"

మీ అమ్మకు చెప్పనని నీకిచ్చిన మాట తప్పాను. పరాయివాడి ముందు నీ పరువు తీసినందుకు బాధగానే ఉంది. నిజం చెప్పినందుకు మాత్రం లేదు.

మీ అమ్మ దిండు మీద కుట్టుపూలు తడిమింది. తర్వాత లేచి ఆయన చేతిలోని పళ్లెం లాగేసుకుంది.

"లేవయ్యా. ఇది ఆఫీసు. లోపల బల్ల ఉంది, ఓ చివర పట్టుకో."

పట్టుకున్నాడు పాపం. ఫైలు మళ్లీ చూస్తానని గొణిగి వెళ్లాడు. కాదంటే పైవాళ్ల దగ్గరికి మీ అమ్మనే వెంటబెట్టుకెళ్తాను.

ఆవిడ నిన్ను ఒక్క మాటా అనలేదు, ఏడ్చింది. వెంటనే ఫోన్ చేసి పని పోయిందని నీ నోటితోనే చెప్పు. నీ తరఫున అబద్ధాలు చెప్పే కొలువు నేను మానేశాను.

ఇట్లు,
మీ అమ్మ కోడలు, నీ భార్య,
రౌదా